ఊరి మట్టితో భూగోళ పాఠము

పల్లెటూరి బడిలో ఐదవ తరగతి చదువుచున్న బాలుని పిలిచి, “గోదావరి ఎక్కడ పుట్టినది?” అని అడిగి చూడుడు. “మహారాష్ట్రలో, నాసిక్ దగ్గర, త్ర్యంబకములో” అని తడుముకొనక చెప్పును. “దాని పొడవెంత?” అనినచో “1465 కిలోమీటర్లు” అని వెంటనే బదులిచ్చును. “మంచిది. నీ బడి వాకిట పడిన వాననీరు ఎటు పోవును? ఏ వాగులో కలియును? ఆ వాగు ఏ చెరువును చేరును?” అని మూడవ ప్రశ్న వేయుడు. బాలుడు ఉపాధ్యాయుని ముఖము చూచును. ఉపాధ్యాయుడు కిటికీలోనుండి బయటకు చూచును.

ఇది బాలుని తప్పు కాదు. ఉపాధ్యాయుని తప్పును కాదు. భూగోళశాస్త్రము పుస్తకములోనే ఉన్నదనియు, దానిని బోధించుటకు అంగడిలో కొన్న గోళమును, పటములును తప్పక కావలెననియు మనలో ఒక అభిప్రాయము పాతుకొనిపోయినది. గోళము లేని బడిలో పాఠము చదివించుటతోనే ముగియును. గోళమున్న బడిలో, అది పగులునేమో అను భయముచేత, దానిని బీరువాపైన ఎక్కించి పిల్లలకు అందకుండ ఉంచుదురు. 1987లో ఆరంభమైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకము క్రింద ప్రాథమిక పాఠశాలలకు పటములు, గోళములు మున్నగు ఉపకరణములు సమకూర్చబడినవి. ఆ మేలు మరువరానిది. కాని ఏ అంగడిలోను దొరకని పటము ఒకటి కలదు. అది మన ఊరి పటము. దానిని మనమే చేసికొనవలెను. అందుకు కావలసిన సరకంతయు మన పెరటిలోను, చెరువుగట్టునను, పాత కాగితముల మూటలోను ఉన్నది. ఆ పని ఏల అవసరమో, ఎట్లు చేయవలెనో ఈ వ్యాసములో వివరింపదలచితిమి.

ఎత్తుపల్లముల ఎరుక

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను తాకిన ఉప్పెన నేటికిని కృష్ణాజిల్లా వృద్ధుల నోట వినబడును. సముద్రపు నీరు సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచి ఊళ్లపై బడినది. అధికారిక లెక్కల ప్రకారమే పదివేలమంది వరకు ప్రాణములు కోల్పోయిరి. 2024 సెప్టెంబరు మొదటి వారములో బుడమేరు పొంగి, విజయవాడలోని సింగ్‌నగర్ మున్నగు పేటలు కొన్ని దినములపాటు నీటిలో ఉండిపోయినవి. ఉప్పెన వేరు, ఏటి వరద వేరు. కాని రెండింటియందును నీరు ఒక్క నియమమునే పాటించినది. అది పల్లమును వెదకికొని పోయినది.

“ఐదు మీటర్ల నీరు” అని పుస్తకములో చదివిన బాలునికి ఆ మాట ఒక అంకె మాత్రమే. బడిగోడపై నేలనుండి ఐదు మీటర్లు కొలిచి ఒక గీత గీయబూనుడు. చాల బడులకు గోడయే అంత ఎత్తు ఉండదు. అప్పుడు ఆ అంకె బాలునికి అర్థమగును. అట్లే, తన ఇల్లు చెరువుకట్టకంటె ఎంత క్రిందనున్నదో, ఊరిలో ఎత్తైన తావు ఏదియో తన చేతులతో కొలిచిన బాలుడు దానిని జన్మలో మరువడు. నేల చూపునకు సమతలముగనే తోచును. రెండు వీథులకు నడుమనున్న మూడడుగుల భేదమును కన్ను పసిగట్టలేదు, నీరు పసిగట్టును. మనము ముందుగా తెలిసికొనినచో మేలు.

ఇది పేదబడులకు మాత్రమే తగిన చదువని ఎవరును తలపరాదు. రెండవ ప్రపంచ యుద్ధములో బడులు నేలమట్టమైన దేశముల ఉపాధ్యాయుల కొరకు, చేతికి దొరకిన వస్తువులతో సామగ్రి చేసికొను విధములను తెలుపు చిన్న పుస్తకమొకటి 1948లో వెలువడినది. యునెస్కో సంస్థ దానిని పెంచి 1956లో విజ్ఞానశాస్త్ర బోధనకు ఆకరగ్రంథముగ ప్రకటించినది. అది పెక్కు దేశములలో, ధనిక దేశములలో సైతము, వాడుకలోనికి వచ్చినది. చేసి నేర్చిన చదువు నిలుచునను సంగతిని ధనికులును గుర్తించిరి.

సరకులు, జిగురు, రంగులు

ముందుగా సామగ్రిని సేకరింతము. పాత వార్తాపత్రికలు, అంగడివారు పారవేయు అట్టపెట్టెలు, నీళ్ల ప్లాస్టిక్ సీసాలు, సైకిలు చక్రపు చువ్వలు, దారము, వెదురుబద్దలు, కుమ్మరిమన్ను, ఇసుక, రంపపుపొట్టు, ఊక, చింతగింజలు, మెంతులు: ఇంతకుమించి కొనవలసినది స్వల్పము.

కాగితపు గుజ్జు చేయుట మన ఇండ్లలోని పెద్దలకు కొత్త విద్య కాదు. నానిన కాగితమును మెంతులతో కలిపి రుబ్బి బుట్టలకును చేటలకును పూయుట తెలుగు ఇల్లాండ్రు తరతరములుగ ఎరిగినదే. పత్రికలను చిన్నముక్కలుగ చించి రెండుమూడు దినములు నానబెట్టవలెను. నీరు పిండి, రోటిలో మెత్తగ దంచి, నానిన మెంతుల ముద్దను కలుపవలెను. మెంతులు జిగిని ఇచ్చును. పురుగు పట్టుటను కొంత తగ్గించును. నానబెట్టు నీటిలో గుప్పెడు వేపాకు వేసిన ఇంకను మంచిది.

జిగురునకు చింతగింజలు చాలును. గింజలను వేయించి, పొట్టు తీసి, పొడిచేసి, నీటిలో చిక్కబడువరకు కాచినచో గట్టి జిగురు వచ్చును. కొండపల్లి బొమ్మల పనివారు పొనికికర్ర ముక్కలను అతుకుటకు చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన ‘మక్కు’నే వాడుదురు. ఆ మక్కుతోనే మన కొండలను, గుట్టలను తీర్చవచ్చును. రంగులకు పసుపు, జేగురు, సున్నము, దీపపు మసి, నీలిమందు ఉన్నవి. పసుపులో సున్నము కలిపిన ఎరుపు వచ్చునని పారాణి పెట్టుకొను ప్రతి బాలికకును తెలియును.

ముగ్గుచుక్కలతో దేశపటము

పుస్తకములోని చిన్నపటమును పెద్దది చేయుటెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము మన ఆడపిల్లల వ్రేళ్లలోనే ఉన్నది. చుక్కల ముగ్గు వేయు బాలిక, చుక్కలను లెక్కించుకొని, ఏ గీత ఏ చుక్కను చుట్టి పోవలెనో తప్పక వేయును. పుస్తకపు పటముపై సెంటీమీటరునకు ఒక చుక్క చొప్పున పెన్సిలుతో పెట్టించుడు. బడి వాకిట అన్నియే చుక్కలను ముప్పది సెంటీమీటర్ల ఎడముగ ముగ్గుపిండితో పెట్టించుడు. ఇక చుక్కనుబట్టి గీత. పటము ముప్పదింతలుగ నేలపై అమరును. నిలువు వరుసలకును అడ్డు వరుసలకును అంకెలు వేసి, “మూడవ నిలువు, ఐదవ అడ్డు కలియుచోట ఏ ఊరున్నది?” అని అడిగినచో, అక్షాంశ రేఖాంశముల భావము బాలునికి పాఠమునకు ముందే పట్టుబడును.

తరువాత ఆ పటముపై వస్తువులను ఉంచవలెను. తూర్పు కనుమల తావున ఇటుకపొడిని కుప్పగ పోసి, తీరము వెంబడి ఇసుక చల్లవలెను. అనంతపురము వద్ద వేరుసెనగ గింజలు, గుంటూరు వద్ద మిరపకాయ, నిజామాబాదు వద్ద పసుపుకొమ్ము, ఆదిలాబాదు వద్ద ప్రత్తికాయ, గోదావరి డెల్టాలో వడ్లు, కోనసీమలో కొబ్బరిపీచు ఉంచుడు. ఏ పంట ఎచ్చట, ఏల పండునను ప్రశ్న పిల్లల నోటనే పుట్టును.

నేలపటమునకు మరియొక సుగుణము కలదు. కొన్న పటము పాతబడును. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. అందలి 10 జిల్లాలు 2016లో 31గను, 2019లో 33గను పునర్వ్యవస్థీకరింపబడినవి. ఆంధ్రప్రదేశములోని 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయినవి. గోడకు వ్రేలాడు పాతపటములో ఇవి కనిపింపవు. ముగ్గుపటమును మాత్రము మరునాటి ఉదయమే తుడిచి సరిదిద్దుకొనవచ్చును. దేశ సరిహద్దుల విషయములో మాత్రము భారత సర్వే శాఖవారి పటమునే ఆధారముగ గైకొనవలెను.

నీటిలో మునుగు కొండ

పటములలో కొండలను వంకరగీతలతో చూపుదురు. ఒక్కొక్క గీత సమానమైన ఎత్తుగల తావులను కలుపును. వీనినే సమోన్నతరేఖలందురు. పై తరగతి విద్యార్థులు సైతము వీనిని చూచి బెదరుదురు. ఒక వెడల్పాటి గంగాళమును, తట్టెడు కుమ్మరిమన్నును ఉన్నచో ఆ బెదురు గడియలో తీరును.

గంగాళము నడుమ జానెడు ఎత్తుగల మట్టికొండను నిలుపుడు. ఒక ప్రక్క నిట్రముగను, వేరొక ప్రక్క ఏటవాలుగను ఉండవలెను. మట్టి పచ్చిగనున్నప్పుడే ఈ పని చేయవలెను. బాగుగ ఎండిన మన్ను నీరు తగులగనే చిట్లి కరగిపోవును. గంగాళపు అంచువెంబడి మెల్లగ రెండు సెంటీమీటర్ల ఎత్తు నీరు పోసి, నీటి అంచు కొండను తాకుచోట పుల్లతో చుట్టును గీత గీయించుడు. మరల రెండు సెంటీమీటర్ల నీరు, మరల గీత. శిఖరము మునుగువరకు ఇట్లే చేసి, నీటిని తోడివేసి, పిల్లలను పైనుండి చూడుమనుడు. నిట్రమైన వైపు గీతలు దగ్గరగను, వాలువైపు దూరదూరముగను కనిపించును. పటములోని వంకరగీతలు నీరు గీచిన గీతలేయని ఎరిగిన బాలునికి వాని గూర్చి మరల చెప్ప నక్కరలేదు.

ఊరి నమూనా

ఇప్పుడు అసలు పనికి వత్తము. ఊరి ఎత్తుపల్లములను కొలుచుటకు తాపీమేస్త్రీలు వాడు నీటిగొట్టము చాలును. పది మీటర్ల పారదర్శకమగు గొట్టములో, గాలిబుడగలు లేకుండ, పసుపు కలిపిన నీరు నింపవలెను. సెంటీమీటర్లు గుర్తించిన రెండు వెదురుకర్రలకు దాని రెండు కొనలను కట్టవలెను. చూచునప్పుడు రెండు కొనలును తెరచియే ఉండవలెను. గొట్టములోని నీరు రెండువైపుల ఒకే మట్టమున నిలుచును. మొదటి కర్రవద్ద నీరు నేలకు 120 సెంటీమీటర్ల ఎత్తునను, రెండవ కర్రవద్ద 145 సెంటీమీటర్ల ఎత్తునను ఉన్నచో, రెండవ చోటి నేల 25 సెంటీమీటర్లు పల్లమని అర్థము.

బడి అరుగునుండి ఆరంభించి, వీథివెంబడి పది మీటర్లకొకమారు కొలిచి పుస్తకములో వ్రాయించుడు. ఊరు చుట్టి మరల అరుగువద్దకే రావలెను. హెచ్చుతగ్గులన్నియు కూడినచో సున్న రావలెను. రాకున్నచో ఎచ్చటనో పొరపాటు జరిగినది. తమ తప్పును తామే పట్టుకొను ఈ పరీక్ష పిల్లలకు గణితములోను మేలు చేయును. ఈ కొలతలు అరుగుతో పోల్చిన ఎత్తులు మాత్రమే. సముద్రమట్టమునకు ఎంత ఎత్తున ఉన్నామో ఉజ్జాయింపుగ తెలియవలెనన్న, సమీపపు రైల్వేస్టేషను పేరుపలకను చూడవచ్చును. స్టేషను ఎత్తు మీటర్లలో దానిపై వ్రాయబడి ఉండును.

తరువాత ఊరి పటమును సెంటీమీటరునకు పది మీటర్ల చొప్పున అట్టపై గీయవలెను. అర కిలోమీటరు వెడల్పుగల ఊరు యాబది సెంటీమీటర్ల అట్టపై ఇమిడిపోవును. అర మీటరు ఎత్తునకు ఒక్కొక్క అట్టపొర చొప్పున, సమానమైన ఎత్తుగల తావులను కలుపు గీతవెంబడి కత్తిరించి, ఒకదానిపై నొకటి అంటించవలెను. తీరప్రాంతపు సమతల గ్రామములలో పొరకు ఇరువది సెంటీమీటర్లు పెట్టుకొనుట మేలు. మెట్లవలె కనిపించు అంచులను కాగితపు గుజ్జుతో పూడ్చి, ఆరిన పిదప, ఇండ్లకు వేసి మిగిలిన ఎనామెలు రంగును రెండు పూతలు పూయవలెను. అప్పుడు దానిపై నీరు పోసినను చెడదు. చెరువు, కట్ట, తూము, అలుగు, వాగు, బడి, గుడి, మసీదు, చర్చి, చేతిపంపు, ఎత్తైన మేడలు అన్నియు గుర్తింపవలెను.

ఇందొక సూక్ష్మము కలదు. అట్ట మందము సుమారు నాలుగు మిల్లీమీటర్లు. కొలత ప్రకారము అర మీటరును చూపవలెనన్న అర మిల్లీమీటరే చాలును. అనగా మన నమూనాలో ఎత్తు ఎనిమిదింతలు హెచ్చుగ కనిపించును. ఇట్లు హెచ్చించుట తప్పు కాదు. హెచ్చించితిమని వ్రాయకుండుటయే తప్పు. గోదావరి పుట్టినచోటు సముద్రమట్టమునకు 1067 మీటర్ల ఎత్తున ఉన్నది. సెంటీమీటరునకు పది కిలోమీటర్ల చొప్పున ఆ నదిని చూపినచో పొడవు సుమారు 146 సెంటీమీటర్లు వచ్చును. ఎత్తు మాత్రము ఒక్క మిల్లీమీటరు. అంత స్వల్పమైన వాలుననుసరించియే, అరేబియా సముద్రమునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున పుట్టిన నది, దక్కను పీఠభూమిని దాటి బంగాళాఖాతమున కలియుచున్నది. నీరు ఎంత చిన్న వాలునైన విడువదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి?

నమూనా సిద్ధమైన పిదప చెరువుకట్ట వైపునుండి చెంబుతో మెల్లగ నీరు పోయించుడు. ఏ వీథిలోనికి ముందు నీరు వచ్చినది? ఎవరి ఇల్లు కడపట మునిగినది? ఏ బాట మునుగక మిగిలినది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానములను పిల్లలు ఇంటికి తీసికొనిపోయి తల్లిదండ్రులకు చెప్పవలెను. ఈ నమూనా అధికారుల హెచ్చరికలకు బదులు కాదు. కాని హెచ్చరిక వినబడిన రాత్రి ఎటు నడువవలెనో ఇంటివారికి ముందే తెలిసియుండును. వాగు పూడ్చి ఇల్లు కట్టదలచినవారికిని, అలుగు నీరు పోవుదారిని ఆక్రమింపదలచినవారికిని ఆ నమూనా బడి వరండాలో నిలిచి మౌనముగ సమాధానము చెప్పును.

సీసాలో వర్షము

నీరు ఎటు పోవునో తెలిసినది. ఎంత వచ్చునో తెలియుటకు వర్షమాపకము కావలెను. నిలువు గోడలుగల రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాను, మెడ క్రింద సరిగా నిలువు గోడ మొదలగుచోట కోయవలెను. పై ముక్కను బోర్లించి గరాటువలె క్రింది ముక్కలో ఉంచవలెను. సీసా అడుగు ఎగుడుదిగుడుగ ఉండును కనుక గులకరాళ్లు వేసి, నిలువు గోడ ఆరంభమగు వరకు నీరు పోసి, అచ్చట సున్న గుర్తు పెట్టవలెను. దానిపైన మిల్లీమీటర్ల కొలబద్దను అంటించవలెను. గాలికి పడకుండ ఇటుకల నడుమ, చెట్లకును గోడలకును వాని ఎత్తునకు రెండింతల దూరమున, ఆరుబయట ఉంచవలెను. వాతావరణశాఖవారివలె ప్రతిదినము ఉదయము 8 గంటల 30 నిమిషములకు చూచి వ్రాసి, నీటిని మరల సున్నకు తేవలెను.

ఒక మిల్లీమీటరు వాన అనగా చదరపు మీటరునకు ఒక లీటరు నీరు. ఎకరమునకు 4047 లీటర్లు. ఇరువదియైదు మిల్లీమీటర్ల వాన పడిననాడు ఒక్క ఎకరములో లక్ష లీటర్లకు పైగా, అనగా ఇరువది లీటర్ల డబ్బాలు ఐదువేలు, ఆకాశము ఉచితముగ పోసినదన్నమాట. ఇరువదినాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్లు దాటిన దానిని భారీవర్షమనియు, 115.6 నుండి అతి భారీ వర్షమనియు, 204.4 దాటినచో అత్యంత భారీ వర్షమనియు వాతావరణశాఖ పేర్కొనును. రేడియోలో ఈ మాటలు వినబడినపుడు, ఏటేట తమ సీసాను చూచిన పిల్లలు వానిని అంకెలుగ గ్రహింపగలరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు అనంతపురము రైతు బాధ, ఆ అంకెను తమ ఊరి లెక్కతో పోల్చినపుడు కోస్తా బాలునికిని తెలియును.

నీడ చెప్పు అక్షాంశము

ఊరినుండి ప్రపంచమునకు పోవుటకు ఒక మీటరు కర్ర చాలును. మన ప్రాచీన జ్యోతిషులు దీనిని శంకువనిరి. కర్రను చదునైన నేలపై, దారమునకు రాయి కట్టి సరిచూచి, నిట్టనిలువుగ పాతవలెను. ఉదయము పదకొండు గంటలనుండి ఒంటిగంట వరకు ఐదేసి నిమిషముల కొకమారు నీడ కొనను గుర్తింపవలెను. అన్నిటికంటె పొట్టినీడ పడిన క్షణమే మన ఊరి నిజమైన మధ్యాహ్నము. ఆ నీడ ఉత్తర దక్షిణములను చూపును.

పగలును రాత్రియు సమానమగు మార్చి 21, సెప్టెంబరు 23 తేదీల ప్రాంతమున ఆ పొట్టినీడను కొలిచినచో మన అక్షాంశము తెలియును. హైదరాబాదులో ఒక మీటరు కర్రకు ఆనాడు సుమారు 31 సెంటీమీటర్ల నీడ పడును. కాగితముపై పది సెంటీమీటర్ల నిలువుగీతయు, దాని మొదటనుండి 3.1 సెంటీమీటర్ల అడ్డగీతయు గీచి, కొనలను కలిపి, పైకోణమును కోణమానినితో కొలువుడు. 17 డిగ్రీలకు కొంచెము పైగా ఉండును. అదియే హైదరాబాదు అక్షాంశము.

ఆదిలాబాదులో అదే దినమున నీడ సుమారు 36 సెంటీమీటర్లు. తిరుపతిలో సుమారు 24. ఈ రెండు ఊళ్లును ఇంచుమించు ఒకే ఉత్తర దక్షిణ రేఖపై ఉన్నవి. కోణములలో భేదము ఆరు డిగ్రీలు. నడిమి దూరము సుమారు 670 కిలోమీటర్లు. పూర్తి చుట్టు 360 డిగ్రీలు, అనగా ఆరు డిగ్రీలకు అరువది రెట్లు. 670ని 60చే గుణించినచో 40,200 కిలోమీటర్లు వచ్చును. భూమి చుట్టుకొలత నిజముగ 40,000 కిలోమీటర్ల పైచిలుకు. ఇట్లే రెండువేల రెండువందల ఏండ్లక్రిందట ఎరటోస్తనీసు అను గ్రీకు పండితుడు ఈజిప్టులో నీడలతో భూమిని కొలిచెను. రెండు జిల్లాల బడిపిల్లలు ఫోనులో కొలతలు చెప్పుకొని ఆ పనిని మరల చేయవచ్చును.

తెలుగుదేశమంతయు కర్కాటకరేఖకు దక్షిణమున ఉన్నది కనుక, ఏడాదికి రెండు దినములలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగా నడినెత్తిన నిలిచి కర్రకు నీడయే పడదు. హైదరాబాదులో అవి మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతమున వచ్చును.

గుజ్జుకాగితపు గోళము

పనికిరాని ఫుట్‌బాల్‌పై మొదట నీటిలో తడిపిన కాగితపు పేలికలను, వానిపై చింతగింజల జిగురుతో ఎనిమిది పొరలను అంటించి, నీడలో రెండుమూడు దినములు ఆరబెట్టవలెను. మధ్యరేఖవెంబడి కోసి, బంతిని తీసివేసి, రెండు డిప్పలను మరల అతికినచో గోళము సిద్ధము. సైకిలు చువ్వ దానికి అక్షము. అక్షము 23½ డిగ్రీలు వంగియుండవలెను. కాగితపు మూలను సగమునకు, మరల సగమునకు మడచినచో 22½ డిగ్రీలు వచ్చును. దానికి రవంత చేర్చినచో చాలును.

దీనిపై హిమాలయములను గుజ్జుతో ఎత్తుగ పెట్టుటకు పిల్లలు ఉబలాటపడుదురు. ఆగి లెక్కింపుమనుడు. 22 సెంటీమీటర్ల గోళముపై, 8849 మీటర్ల ఎవరెస్టు ఎత్తు కేవలము 0.15 మిల్లీమీటరు, రెండు పత్రికా కాగితముల మందము. ఇదే కొలతలో చంద్రుడు ఆరు సెంటీమీటర్ల చిన్న బత్తాయి; దానిని ఆరున్నర మీటర్ల దూరమున పట్టుకొనవలెను. గదిలో ఆ చోటు చాలదు. పిల్లలు వాకిటికి పరుగెత్తుదురు.

కొన్ని హెచ్చరికలు

పురుగుమందుల సీసాలు, డబ్బాలు ఎంత కడిగినను వాడరాదు. ఆసుపత్రి చెత్తను, పాత బ్యాటరీలను పిల్లలు తాకరాదు. కోసిన ప్లాస్టిక్ అంచులకు గుడ్డపేలిక అంటించవలెను. వర్షమాపకములో నీరు నిలువయున్నచో దోమలు పెరుగును కనుక, వానలు లేని దినములలో దానిని బోర్లించి ఉంచవలెను. నీడను చూడవలెనుగాని సూర్యుని చూడరాదు. చెరువు, వాగు కొలువబోవునప్పుడు పెద్దలు వెంట ఉండి తీరవలెను.

ఉపాధ్యాయుడొక్కడే ఈ పనియంతయు చేయజాలడు. తాపీమేస్త్రి తన నీటిగొట్టముతో ఒక్క ఆదివారము రావలెను. కుమ్మరి తట్టెడు మన్ను ఇయ్యవలెను. గుజ్జు రుబ్బుటకు అవ్వలు చేయి కలుపవలెను. 1977 నాటి ఉప్పెననో, తమ ఊరికి వచ్చిన వరదనో కన్నులార చూచిన వృద్ధులు, నీరు ఎంతవరకు వచ్చినదో పిల్లలకు చూపవలెను. ఆ గుర్తులను ఎరిగినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. వారు చూపిన గుర్తును నమూనాపై ఎర్రరంగుతో నిలుపుట మన విధి. పంచాయతీవారు నమూనాను ఏటికొకమారు గ్రామసభలో ఉంచినచో, కొత్త మురుగుకాలువ ఎటు త్రవ్వవలెనను చర్చకు అదియే మార్గదర్శి కాగలదు.

పిమ్మట ఒకనాడు ఆ ఐదవ తరగతి బాలుని మరల పిలిచి మూడవ ప్రశ్న వేయుడు. అతడు ఉపాధ్యాయుని ముఖము చూడడు. బడి మెట్టు దిగి, చేయి చాచి, “ఇటు పోవునండీ, మా ఇంటి ముందునుండియే పోవును” అని చూపును. గోదావరి పాఠము అతనికి అచ్చటనుండి ఆరంభమగును.